వృత్తి ఆరోగ్య పరిశోధనలో ప్రశ్న భాష: సర్వే, ముఖాముఖి దత్తాంశసేకరణపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పనివల్ల కలిగే అనారోగ్యాన్ని అధ్యయనం చేసే పరిశోధనల్లో దత్తాంశంలో చాలా భాగం కార్మికుల నోటిమాటే. నొప్పికి, ఆయాసానికి, అలసటకు కొలమానం ఉత్తరదాత ఇచ్చే జవాబే కాబట్టి, ప్రశ్న ఏ భాషలో, ఏ మాటలతో, ఎవరి సమక్షంలో అడిగారన్నది ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఆంగ్లంలో రూపొందిన ప్రామాణిక ప్రశ్నావళులను తెలుగులోకి తెచ్చేటప్పుడు మూలానికి విధేయంగా ఉన్న అనువాదం సరిపోదనీ, కార్మికుల వ్యవహారభాషలో ప్రశ్నను పునర్నిర్మించవలసి ఉంటుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే మహిళల పనిని ముఖ్య ఉదాహరణగా, నూలు మిల్లులు, ఇటుక బట్టీల వంటి పనిచోట్లను అనుబంధ ఉదాహరణలుగా తీసుకోవడం జరిగింది. వ్యాసంలోని సంభాషణ వాక్యాలు వివరణ కోసం కూర్చిన నమూనాలు.

కీలకపదాలు: వృత్తి ఆరోగ్యం, ప్రశ్నావళి, ముఖాముఖి, తిరుగు అనువాదం, మాండలికం, బీడీ కార్మికులు, దత్తాంశం.

1. ఉపోద్ఘాతం

ఇటలీలోని మోడెనాలో వైద్యుడిగా, ఆచార్యుడిగా పనిచేసిన బెర్నార్డినో రామజ్జీని 1700లో వృత్తికారుల వ్యాధులపై లాటిన్‌లో ఒక గ్రంథం ప్రకటించాడు. రోగిని చూడబోయిన వైద్యుడు అడగవలసిన ప్రశ్నలుగా హిపోక్రటీస్ సంప్రదాయం చెప్పినవాటికి ఆయన మరొకటి చేర్చాడు: నీ వృత్తి ఏమిటి? వృత్తి ఆరోగ్యశాస్త్రానికి ఆ గ్రంథమే ఆదిమూలమని చరిత్రకారులు భావిస్తారు. అంటే ఈ శాస్త్రం పరికరంతో కాక, ప్రశ్నతో మొదలైంది. తరువాత 1880లో కార్ల్ మార్క్స్ ఫ్రెంచి కార్మికుల కోసం సుమారు నూరు ప్రశ్నల జాబితా తయారుచేశాడు. పనిచోటి గాలి, వెలుతురు, ప్రమాదాల గురించిన ప్రశ్నలు అందులో ఉన్నాయి. వచ్చిన జవాబులు మాత్రం స్వల్పం. నూరు ప్రశ్నల కాగితాన్ని పని ముగించుకొని వచ్చిన మనిషి ముందు పెడితే ఏమవుతుందో ఈనాటి పరిశోధక విద్యార్థులకు కూడా అనుభవమే.

ఇరవయ్యో శతాబ్దంలో ప్రామాణిక ప్రశ్నావళులు వచ్చాయి. శ్వాసకోశ లక్షణాల కోసం బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1960లో ఒకటి, కండరాలు, కీళ్ళ బాధల కోసం నార్డిక్ దేశాల పరిశోధకులు 1987లో మరొకటి ప్రచురించారు. మన విశ్వవిద్యాలయాల్లో సామాజికశాస్త్రం, సామాజిక వైద్యం, నర్సింగ్, గృహవిజ్ఞానం విభాగాల పరిశోధకులు తరచు ఆశ్రయించేది ఇటువంటి సాధనాలనే. వీటిని తెలుగు చేయడానికి తెలుగు శాఖలోని అధ్యాపకులను పిలవడం, ‘భాష సరిచూసి సంతకం పెట్టండి’ అనడం కూడా అలవాటే. ఆ సంతకం ఎంత బరువైనదో అడిగేవారికీ, పెట్టేవారికీ కూడా తగినంతగా తెలియదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

2. ‘పని’ అన్న మాట

నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే పని ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీద, ఇళ్ళలోనే జరుగుతుంది. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకోవడం, ఆకును తడిపి ఆరబెట్టి కత్తిరించడం, ఒడిలో చాట పెట్టుకొని చుట్టడం, కట్టలు కట్టి మళ్ళీ కార్ఖానాలో అప్పజెప్పడం ఇందులోని అంచెలు. కూలి వెయ్యి బీడీల లెక్కన ఉంటుంది. సరుకు ఇంటికి తీసుకెళ్ళి చుట్టే మనిషిని కూడా ఉద్యోగిగా గుర్తించి 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం నిర్వచనంలోనే చేర్చింది. అయినా ‘మీరేం పని చేస్తారు?’ అని అడిగితే చాలామంది నుంచి వచ్చే జవాబు ‘ఏం పని లేదు, ఇంటికాన్నే ఉంట’ అన్నదే కావచ్చు. ఇది అబద్ధమూ కాదు, మరపూ కాదు. ఇల్లు దాటి వెళ్ళి చేసేదే ‘పని’ అన్న అర్థం ఆ మాటలో స్థిరపడి ఉంది. సర్వే చేసేవారు ఆ జవాబు వినగానే ‘గృహిణి’ గడిలో గుర్తు పెడితే ఆమె పొగాకు ధూళిలో గడిపిన ఇరవై ఏళ్ళు దత్తాంశం నుంచి తుడిచిపెట్టుకుపోతాయి.

పనిగంటల ప్రశ్న మరింత చిక్కైనది. వృత్తి ఆరోగ్య పరిశోధనలో హానికారకానికి గురైన కాలాన్ని లెక్కించడం ముఖ్యం. ‘రోజుకు ఎన్ని గంటలు పని చేస్తారు?’ అన్న ప్రశ్న కర్మాగారంలో సరిపోతుంది, అరుగు మీద సరిపోదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా చుట్టినవి, పిల్లలు బడికి పోయాక చుట్టినవి, రాత్రి టీవీ ముందు చుట్టినవి అన్నీ కలిస్తేనే ఆ రోజు లెక్క. ఆ లెక్క గంటల్లో ఉండదు, బీడీల్లో ఉంటుంది. కాబట్టి అడగవలసింది బీడీల సంఖ్య. అయితే అక్కడా ఒక మెలిక ఉంది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో రాసిన సంఖ్య ఒక పేరు మీదే ఉన్నా చుట్టిన చేతులు రెండు మూడు జతలు కావచ్చు. కార్డు లేని కోడలు అత్త పేరు మీద చుట్టవచ్చు. బడి నుంచి వచ్చిన కూతురు దారం కట్టవచ్చు. ‘మీ పుస్తకంలో ఎన్ని ఎక్కుతాయి?’, ‘అందులో మీ చేత్తో చుట్టేవి ఎన్ని?’ అని రెండుగా విడదీసి అడిగితే తప్ప మోతాదు తెలియదు. రెండో ప్రశ్న అడిగే గొంతులో నేరం మోపుతున్న ధ్వని ఉండకూడదు. పిల్లల సాయం గురించి నిజం చెప్పాలా వద్దా అన్నది ఆ క్షణంలోనే నిర్ణయమవుతుంది.

పని పరిభాష విషయంలో తెలుగుకు గట్టి పూర్వరంగమే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశాల్లో వ్యవసాయ పదాల సంపుటం 1962లోనూ, చేనేత పదాల సంపుటం 1971లోనూ వెలువడ్డాయి. పనిముట్టును, పని అంచెను ఏ ప్రాంతంలో ఏమంటారో క్షేత్రస్థాయిలో సేకరించిన ఆ పద్ధతిని శరీరబాధల పదజాలానికి విస్తరించడం తెలుగు శాఖలు చేయదగిన పని. ఒక మగ్గం భాగానికి పది ఊళ్ళలో ఉన్న పేర్లు సేకరించగలిగినప్పుడు, ఆ మగ్గం ముందు కూర్చున్న మనిషి నడుమునొప్పికి ఉన్న పేర్లను కూడా సేకరించగలం.

3. శరీరం, నొప్పి

నార్డిక్ ప్రశ్నావళి శరీరాన్ని తొమ్మిది భాగాలుగా విభజిస్తుంది. మెడ, భుజాలు, మోచేతులు, మణికట్టు–చేతులు, వీపు పైభాగం, నడుము, తుంటి–తొడలు, మోకాళ్ళు, చీలమండ–పాదాలు. ఒక్కొక్క భాగంలో గత 12 నెలల్లో బాధ కలిగిందా, దానివల్ల మామూలు పని చేయలేకపోయారా, గత 7 రోజుల్లో కలిగిందా అని అడుగుతుంది. పైకి ఇంతకంటే తేలికైన అనువాదం ఉండదనిపిస్తుంది.

చిక్కు మొదట శరీరభాగాల దగ్గరే వస్తుంది. వ్యవహారంలో ‘చెయ్యి’ అంటే భుజం నుంచి వేలికొన వరకు. ‘కాలు’ అంటే తొడ నుంచి పాదం వరకు. ‘నడుము’ పరిధి వెన్ను కింది భాగంతో ఆగక తుంటి దాకా సాగుతుంది. ‘చేతులు గుంజుతున్నయి’ అన్న బీడీ కార్మికురాలి మాటలో ఆకు కత్తిరించే కత్తెర వల్ల బొటనవేలి మొదట్లో పుట్టిన నొప్పి ఉందో, గంటల తరబడి వంగి కూర్చోవడం వల్ల భుజంలో పుట్టిన నొప్పి ఉందో వినేవారికి తెలియదు. మూల ప్రశ్నావళిలో శరీర చిత్రం ఉన్నది ఇందుకే. తెలుగు ప్రతుల్లో ఆ బొమ్మను వదిలేసి భాగాల పేర్లతో పట్టిక మాత్రమే అచ్చువేస్తే సాధనంలో సగం పోయినట్టే. బొమ్మ చూపించడంకన్నా మెరుగైన దారి ఇంకొకటి కూడా ఉంది: ‘ఎక్కడో మీ చేత్తో ముట్టి చూపించండి’ అనడం. ముట్టి చూపిన చోటును పరిశోధకుడు బొమ్మ మీద గుర్తిస్తాడు, ఆమె వాడిన పేరును పక్కన రాసుకుంటాడు. అప్పుడు రెండు రకాల దత్తాంశం ఒకేసారి వస్తుంది.

రెండో చిక్కు బాధ పేరు. ఆంగ్ల మూలంలోని మాటకు ‘ఇబ్బంది’ అని రాస్తే ‘మెడలో ఇబ్బంది’ అనేది తెలుగు నుడికారానికి అతకదు. పైగా ‘ఇబ్బంది’ అనగానే డబ్బుకు సంబంధించిన కష్టమే ముందు స్ఫురిస్తుంది. ‘నొప్పి’ అని రాస్తే తక్కినవి బయట పడిపోతాయి. తెలుగువారి నోట నొప్పి ఒక్కటే కాదు. గుంజుతుంది, లాగుతుంది, పీకుతుంది, సలుపుతుంది, మండుతుంది, తిమ్మిరెక్కుతుంది, పట్టేస్తుంది, పొడుస్తుంది, జివ్వుమంటుంది. వీటిలో వైద్యానికి పనికివచ్చే తేడాలున్నాయి. తిమ్మిరి, మంట, జివ్వుమనడం నరాల వైపు దృష్టి మళ్ళించే లక్షణాలు. పట్టేయడం, గుంజడం కండరాల వైపు మళ్ళిస్తాయి. వేళ్ళు తిమ్మిరెక్కుతున్న మనిషిని ‘నొప్పి ఉందా?’ అని అడిగితే ‘లేదు’ అనవచ్చు. ఆమె చెప్పింది నిజమే.

ఈ క్రియల వాక్యనిర్మాణాన్ని కూడా గమనించాలి. ‘నేను నొప్పి పడుతున్నాను’ అని సాధారణంగా అనం. ‘నడుము గుంజుతాంది’, ‘నాకు కండ్లు తిరుగుతున్నయి’ అంటాం. బాధకు కర్త శరీరభాగమే, మనిషి దాన్ని అనుభవించే స్థానంలో ‘నాకు’ అని ఉంటాడు. కాబట్టి ‘మీరు నడుమునొప్పిని అనుభవించారా?’ అన్న ప్రశ్నకంటే ‘నడుము గుంజుడు, పట్టేసుడు ఏమన్నా ఉందా?’ అన్న ప్రశ్నకు జవాబు సులభంగా వస్తుంది. మొదటిది అర్థం కాకపోవడమంటూ ఉండదు. కానీ అది ఆఫీసు మాటలా వినిపిస్తుంది, ఆఫీసు మాటకు జనం ఆఫీసు జవాబే ఇస్తారు.

అన్నిటికన్నా మోసకారి ‘మామూలు పని చేయలేకపోయారా?’ అన్న ప్రశ్న. తీవ్రతను కొలవడానికి అది పెట్టిన మెట్టు. జీతంతో కూడిన సెలవున్న కార్మికుడి విషయంలో అది పనిచేస్తుంది. వెయ్యికి ఇంత అని కూలి తీసుకునే మనిషి నొప్పితోనే చుడుతుంది. నెలలో పని దొరికే రోజులే తక్కువైనప్పుడు దొరికిన రోజును వదులుకోదు. ఆమె జవాబు ‘పని బంద్ పెట్టలేదు’ అనే. దత్తాంశంలో అది ‘స్వల్ప బాధ’గా నమోదవుతుంది. పేదరికం ఎక్కువైన కొద్దీ బాధ తక్కువగా కనిపించే విచిత్రం ఇలా ఏర్పడుతుంది. దీనికి బదులు ‘నొప్పి ఉన్న రోజు ఎన్ని బీడీలు తగ్గినయి?’, ‘ఆ రోజు మీ లెక్క ఎవరు నింపారు?’ అని అడగడం ఆ పనికి తగిన కొలమానం. మూల ప్రశ్నావళితో పోల్చడానికి పాత ప్రశ్ననూ ఉంచాలి, దాని పక్కన ఇది చేరాలి.

4. తెమడ, దమ్ము, వేడి

శ్వాసకోశ ప్రశ్నావళి చలికాలంలో పొద్దున లేవగానే దగ్గు వస్తుందా, ఛాతీ నుంచి శ్లేష్మం పడుతుందా, ఏడాదిలో మూడు నెలల పాటు ఎక్కువ రోజులు అలా ఉంటుందా అని అడుగుతుంది. ‘శ్లేష్మం’ పాఠ్యపుస్తకపు మాట. ‘కఫం’ ఆయుర్వేదం ద్వారా చాలామందికి తెలిసినా అది ఒక శరీరతత్త్వానికి పేరుగా కూడా వినిపిస్తుంది. ‘మీకు కఫం ఉందా?’ అంటే ‘నాది కఫం ఒళ్ళే’ అని జవాబు రావచ్చు. తెలంగాణలో ‘తెమడ’, కోస్తాలో ‘కళ్ళె’, ‘గళ్ళ’ వంటివి ఉమ్మితే కనిపించే పదార్థానికి పేర్లు. ప్రశ్నకు కావలసింది అదే. ఆయాసం విషయంలోనూ ఇంతే. ఒకచోట ‘ఆయాసం’ అన్నది మరొకచోట ‘దమ్ము’. కానీ ‘దమ్ము’ ఊపిరికీ పేరే, ఉబ్బసానికీ పేరే. ‘దమ్ము ఉందా?’ అని అడిగితే వ్యాధి పేరు అడిగినట్టవుతుంది, ‘దమ్ము వస్తదా?’ అంటే లక్షణం అడిగినట్టవుతుంది. క్రియ మారితే వ్యాధి నిర్ధారణ కాస్తా లక్షణ వివరణ అవుతుంది.

ఆ ప్రశ్నావళి ఆయాసాన్ని మెట్లుగా కొలుస్తుంది. చదునైన నేల మీద వేగంగా నడిచినప్పుడు లేదా చిన్న గుట్ట ఎక్కినప్పుడు, తన వయసువారితో కలిసి నడుస్తున్నప్పుడు అని వరస. రెండోదానికి తెలుగులో చక్కటి మాట ఉంది: ‘మీ ఈడువాళ్ళతో నడిస్తే వెనకబడతారా?’ గుట్టలే లేని ఊళ్ళో గుట్టకు ప్రత్యామ్నాయం వెతకాలి. డాబా మెట్లు, నీళ్ళబిందె మోసుకొని ఇంటికి రావడం లాంటివి. ఏది ఎంచుకున్నా అధ్యయనం మొత్తంలో అదే ఉండాలి.

నూలు ధూళివల్ల కలిగే బిస్సినోసిస్ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ఉన్న వ్యాధి. లాంకషైర్ మిల్లు కార్మికులను 1950లలో అధ్యయనం చేసిన రిచర్డ్ షిల్లింగ్ దీన్ని లక్షణాల చరిత్ర ఆధారంగానే మెట్లుగా వర్గీకరించాడు. వారాంతపు విశ్రాంతి తరువాత పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ బిగుసుకోవడం దాని ప్రత్యేక లక్షణం. అక్కడ ఆ రోజు సోమవారం. ఆంగ్ల పాఠాన్ని అనుసరించి ‘సోమవారం ఛాతీ పట్టేసినట్టు ఉంటుందా?’ అని తెలుగులో రాస్తే భాషాపరంగా ఒక్క తప్పూ ఉండదు. వారపు సెలవు బుధవారమో శుక్రవారమో ఉన్న మిల్లులో మాత్రం ఆ ప్రశ్న వ్యాధిని వదిలేస్తుంది. ‘సెలవు అయిపోయి పనిలోకి ఎక్కిన మొదటి రోజు’ అని రాయాలంటే అనువాదకుడికి భాషతోపాటు వ్యాధి స్వభావమూ తెలిసి ఉండాలి.

వేసవి పనిపై పరిశోధనలు పెరుగుతున్న ఈ కాలంలో ‘వేడి’ గురించి రెండు మాటలు చెప్పాలి. ఆంగ్లంలో ఒక్క మాటతో పోయేదాన్ని తెలుగు ఎండ, సెగ, ఉక్కపోత, వేడి అని విడదీస్తుంది. ఇటుక బట్టీ దగ్గరి మనిషికి ఎండా వేరు, బట్టీ సెగా వేరు. రేకుల షెడ్డులో మగ్గం నడిపేవారికి ఉక్కపోతే ముఖ్యం. ‘వేడి చేసింది’ అన్నది వీటిలో దేనికీ చెందదు. అది శరీరం లోపలి స్థితి. తంబాకు పని వేడి చేస్తుందని ఒక కార్మికురాలు చెబితే, దాన్ని ‘అధిక ఉష్ణోగ్రత’ కింద సంకేతీకరించే పరిశోధక సహాయకుడు లేని సమస్యను సృష్టించి ఉన్న సమస్యను దాచినవాడవుతాడు.

5. అవును, కాదు, ఎప్పుడూ

అచ్చువేసిన పత్రాల్లో ‘అవును / కాదు’ అని రెండు గడులుంటాయి. తెలుగు సంభాషణలో జవాబు సాధారణంగా ప్రశ్నలోని క్రియను తిరిగి పలకడం ద్వారా వస్తుంది. ‘దగ్గు వస్తదా?’ అంటే ‘వస్తది’, ‘రాదు’. పత్రంలోనూ అదే ఉండాలి. వ్యతిరేకార్థక ప్రశ్న వేస్తే పరిస్థితి పూర్తిగా తారుమారవుతుంది. ‘రాత్రిపూట దగ్గు రాదు కదా?’ అన్నప్పుడు ‘ఆఁ’ అన్నారంటే ‘మీరన్నది నిజమే, రాదు’ అని అర్థం. అలసిపోయిన సర్వేయరు దాన్ని ‘అవును’ గడిలో వేస్తాడు.

మధ్యమ పురుష గౌరవవాచకం ‘మీరు’ బహువచనం కూడా కావడం మరో ప్రమాదం. నలుగురు కూర్చున్న చోట ‘మీకు ఆయాసం ఉందా?’ అని ఒకరినే ఉద్దేశించి అడిగినా ‘ఉన్నది, మా అత్తకు’ అన్న జవాబు వ్యాకరణబద్ధమైనదే. ‘మీకు, అంటే మీ ఒక్కరికే’ అని ఒక్కసారి అనడంతో ఇది తీరిపోతుంది.

ఇక ‘ఎప్పుడూ’. మానసిక ఒత్తిడి, పనిభారం కొలిచే ప్రశ్నావళుల్లో ఐదు మెట్ల జవాబులుంటాయి. పై చివర ‘ఎప్పుడూ’, కింది చివర ‘ఎప్పుడూ లేదు’ అని రాసిన పత్రాలు తయారవడం సహజం. ఎందుకంటే తెలుగులో ‘ఎప్పుడూ’ అనుకూల క్రియతో ‘సర్వదా’ అనే అర్థాన్ని, వ్యతిరేక క్రియతో ‘ఏనాడూ’ అనే అర్థాన్ని ఇస్తుంది. చదివి వినిపించేటప్పుడు ఉత్తరదాత మధ్యలోనే ‘ఎప్పుడూ’ అని ఊరుకుంటే అది ఏ చివర? ‘రోజూ’, ‘వారంలో సగం రోజులు’, ‘ఎప్పుడో ఒకసారి’, ‘అసలే లేదు’ అని లెక్కకు అందే మాటలు వాడితే ఈ అస్పష్టత పోతుంది. ఒత్తిడికి ‘ఒత్తిడి’ అన్న మాటకన్నా ‘టెన్షన్’ ఎక్కువమందికి తెలుసు. దాన్ని ఆంగ్లపదమని తీసివేయడం భాషాభిమానం కావచ్చు గాని పరిశోధన కాదు. ‘రంది’, ‘దిగులు’, ‘బెంగ’ వేరే భావాలు. వాటిని దానికి పర్యాయపదాలుగా వాడకూడదు.

కాలం విషయంలో క్లుప్తంగా చెప్పవచ్చు. ‘గత 12 నెలలు’ అన్న అవధికి జ్ఞాపకంలో గట్టు ఉండదు. ‘పోయిన బతుకమ్మ పండుగ నుంచి ఇప్పటిదాకా’ అంటే ఉంటుంది. ‘వారం పది రోజులు’, ‘నాలుగైదు నెలలు’ వంటి జంటసంఖ్యలు ఉజ్జాయింపులే. వాటి సగటు తీసి దశాంశ స్థానాలు వేయడం హాస్యాస్పదం.

6. తిరుగు అనువాదం

రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ప్రాచుర్యంలోకి తెచ్చిన తిరుగు అనువాద పద్ధతి మన సిద్ధాంతగ్రంథాల్లో దాదాపు తప్పనిసరి పేరా అయింది. ఆంగ్లం నుంచి తెలుగు చేసిన పాఠాన్ని మూలం చూడని మరొకరు తిరిగి ఆంగ్లం చేస్తారు. రెండు ఆంగ్ల పాఠాలూ దగ్గరగా ఉంటే తెలుగు పాఠం సరైనదని తీర్మానిస్తారు. ఈ పద్ధతికి విలువ ఉంది, స్థూలమైన పొరపాట్లు బయటపడతాయి. కానీ ఇందులో పాల్గొన్న ఇద్దరూ ఆంగ్లం చదువుకున్నవారే. ‘గత ద్వాదశ మాసములలో’ అని రాసినా రెండోవారు నిర్దోషంగా 12 నెలలని ఆంగ్లం చేస్తారు. పదానికి పదంగా ఉన్న పుస్తకభాష ఈ పరీక్షలో ఎప్పుడూ గెలుస్తుంది. ‘తెమడ’, ‘గుంజుడు’, ‘ఈడువాళ్ళు’ వంటి మాటలు కొన్నిసార్లు ఓడిపోతాయి. పరీక్షించవలసిన చోటు ఆంగ్లం వైపు కాదు, కార్మికురాలి వైపు.

అందుకు ముందస్తు పరీక్షలో ప్రశ్నను ఉత్తరదాత ఎలా అర్థం చేసుకున్నదీ తెలుసుకునే పద్ధతులున్నాయి. ‘నేను అడిగింది మీ మాటల్లో చెప్పండి’ అన్నది వాటిలో ప్రసిద్ధం. అది బడిలో పాఠం అప్పజెప్పమన్నట్టు ఉంటుంది. చదువుకోని పెద్దావిడ చిన్నబుచ్చుకుంటుంది. దానికంటే ‘ఇదే సంగతి మీ పక్కింటామెను మీరు అడగాలంటే ఎట్ల అడుగుతరు?’ అనడం మేలు. ఇక్కడ ఆమె పరీక్ష రాసే మనిషి కాదు, ప్రశ్న తయారుచేసే మనిషి. ఒక్కొక్క ప్రశ్నకు ఎనిమిది పదిమంది నుంచి ఇలా వచ్చిన రూపాలను పోల్చి చూస్తే ప్రాంతీయ ప్రతి దానంతట అదే ఏర్పడుతుంది. ఆదిలాబాద్ ప్రతి, ప్రకాశం ప్రతి వేరువేరుగా ఉంటే పోలిక దెబ్బతింటుందన్న ఆక్షేపణ ఉంది. పోల్చవలసింది అర్థాన్ని. అర్థం ఒకటిగా ఉండాలంటే మాట కొన్నిచోట్ల వేరుగా ఉండక తప్పదు.

7. ముఖాముఖి జరిగే చోటు

బీడీలు అప్పజెప్పడానికి ఆడవాళ్ళందరూ వచ్చే కార్ఖానా దగ్గర ముఖాముఖి జరపడం పరిశోధకుడికి సౌకర్యం. ఒక్కపూటలో ఎన్నో పత్రాలు నిండుతాయి. అయితే ఆకు ఎంత ఇవ్వాలి, ఏ బీడీలు తీసివేయాలి అని నిర్ణయించే మనిషి అక్కడే కూర్చుని ఉంటాడు. ఇంటి దగ్గరైతే అత్త ఉంటుంది, భర్త ఉంటాడు. నెలసరి, గర్భస్రావం, తెల్లబట్ట వంటి సంగతులు ఆ సమక్షంలో రావు. పూర్తి ఏకాంతం కోరడం కూడా పల్లెలో అనుమానాలకు తావిస్తుంది. నలుగురు ఒకచోట కూర్చుని చుట్టే అరుగు మీద సామూహిక సంభాషణతో మొదలుపెట్టి, సున్నితమైన ప్రశ్నలను మరో రోజుకు, మహిళా పరిశోధకురాలికి వదిలిపెట్టడం ఆచరణసాధ్యమైన మధ్యేమార్గం.

సంబోధన చిన్న విషయం కాదు. ‘అక్కా’, ‘పెద్దమ్మా’ అన్న పిలుపు దూరం తగ్గిస్తుంది. ‘వదినా’ అంటే వేళాకోళానికి చోటున్న వరస, ఆరోగ్య ప్రశ్నలకు పనికిరాదు. పరిశోధకుణ్ణి ఆమె ‘సారూ’ అంటున్నంతసేపూ జవాబులు పై అధికారికి చెప్పే జవాబుల్లాగే ఉంటాయి. ‘బిడ్డా’ అన్నప్పటి నుంచి వేరే సంభాషణ మొదలవుతుంది. మొదటి పది నిమిషాల జవాబులను, తరువాతి జవాబులను ఒకే బరువుతో చూడకూడదని దీని అర్థం.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక మార్గదర్శకాల ప్రకారం సమ్మతిపత్రం ఉత్తరదాతకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేనివారి విషయంలో నిష్పాక్షికమైన సాక్షి ఉండాలి. పని పోగొట్టుకున్న సమయానికి పరిహారం ఇవ్వడానికీ అవి అనుమతిస్తాయి. అరగంట మాట్లాడితే ఎన్ని బీడీలు తగ్గుతాయో తెలిసిన మనిషికి ఆ పరిహారం దానం కాదు. ‘స్వచ్ఛందంగా పాల్గొనుటకు నా సమ్మతిని తెలియజేయుచున్నాను’ అన్న వాక్యం చదివి వినిపించి వేలిముద్ర వేయించుకుంటే నియమం నెరవేరుతుంది, ఉద్దేశం నెరవేరదు. తెలంగాణలో అర్హులైన బీడీ కార్మికులకు 2015 నుంచి పింఛను అందుతోంది. కాగితాలతో వచ్చిన ప్రతి మనిషీ దాన్ని ఇప్పించడానికో ఆపడానికో వచ్చినవారిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఇప్పిస్తారనుకుంటే జబ్బు పెరుగుతుంది, ఆపుతారనుకుంటే తగ్గుతుంది. ‘ఇది పింఛను కాగితం కాదు. మీరు చెప్పింది కంపెనీకి చెప్పం. వద్దనుకుంటే మధ్యలో ఆపేద్దాం, మీ కార్డుకు ఏం కాదు’ అన్న నాలుగు ముక్కలు సమ్మతిపత్రం మొదట్లోనే ఉండాలి.

రాసుకోవడంలో పాటించవలసిన నియమం ఒకటే: విన్నది విన్నట్టు. ‘నడుము పడిపోయింది బిడ్డా, లేస్తే కూసుంటలేను’ అన్నదాన్ని ‘ఉత్తరదాతకు తీవ్రమైన నడుమునొప్పి ఉన్నది’ అని శిష్టభాషలోకి మార్చిన క్షణంలో దత్తాంశం పోయి, పరిశోధకుడి తీర్మానం మిగులుతుంది. మార్చడం విశ్లేషణలో జరగాలి, పక్క గడిలో జరగాలి. మాట్లాడిన మాట అలాగే ఉండాలి.

8. పత్రంలోకి రానివారు

పై జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఒక వర్గం మాత్రం మిగిలిపోతుంది. జబ్బుపడ్డవారు పని మానేస్తారు. పనిలో ఉన్నవారినే లెక్కిస్తే ఆ పని ఆరోగ్యకరమైనదిగా కనిపిస్తుంది. సాంక్రమిక వ్యాధిశాస్త్రం దీన్ని ఆరోగ్యవంత శ్రామిక ప్రభావం అంటుంది. హాజరుపట్టీ నుంచో, కార్ఖానా పుస్తకం నుంచో నమూనాను ఎంచుకున్న ప్రతి అధ్యయనానికీ ఇది వర్తిస్తుంది. దమ్ముతో చుట్టడం మానేసి కూతురింటికి చేరిన పెద్దావిడ పేరు ఆ పుస్తకంలో ఉండదు. కార్డు లేకుండా చుట్టి మానేసిన కోడలి పేరు ఏనాడూ లేదు. ఇటువంటివారి జాడ సంస్థల రికార్డుల్లో కంటే వాడకట్టు జ్ఞాపకంలో దొరుకుతుంది. కాబట్టి ప్రతి ముఖాముఖి చివరా, పత్రం మూసి పెట్టాక, ఇంకొక ప్రశ్న అడగాలి: ‘ఇదివరకు మీతోని కూసొని చుట్టి, ఇప్పుడు చుట్టనోళ్ళు ఎవరున్నరు? ఎందుకు మానేసిండ్రు?’ ఆ జవాబులో వచ్చిన పేర్ల దగ్గరికి మరునాడు వెళ్ళడానికి ప్రయాణ ఖర్చు, సమయం పరిశోధన ప్రణాళికలో మొదటే కేటాయించి ఉండాలి.